బిస్కెట్ వాసన వేసే చెయ్యి

నా మనవరాలు సహస్ర తన పుట్టుక గురించి మొదటిసారి చెప్పింది మల్కాజిగిరిలో మా ఇంటి స్నానాల గదిలో. దానికి అప్పటికి మూడేళ్లు నిండలేదు. ఆదివారం పొద్దున పీట మీద కూర్చోబెట్టి తలంటుతున్నాను. కుంకుడుకాయలు నానబెడతానంటే నా కూతురు ఒప్పుకోక షాంపూ సీసా చేతిలో పెట్టి పోయింది. చెంబుతో నీళ్లు పోస్తుంటే పిల్ల రెండు చెవులూ మూసుకుని, తెరిచి, మళ్లీ మూసుకుని, "అమ్మమ్మా, కడుపుల గిట్లనే సప్పుడొచ్చేది" అంది. ఎవరి కడుపులోనే అన్నాను నవ్వుతూ. "మమ్మీ కడుపుల. గుడుగుడు గుడుగుడు అనేది. నాకు మంచిగుండె. తర్వాత ఎవరో గుంజిన్రు. లైటు మస్తు పెద్దగుండె, సలి పెట్టింది. నీలం టోపీ అంకుల్ నా కాలు పట్టుకున్నడు. నేను వద్దన్న." ఇంత చెప్పి, నీళ్లెందుకు ఆపావని నా మీద కోపం చేసింది.

నా కూతురు ఈ సంగతి విని, "ఫోన్ల ఏదో వీడియో చూసుంటదమ్మా" అని కొట్టిపారేసింది. కొట్టిపారేస్తూనే తన ఫోను తీసి, "మల్ల ఒక్కసారి చెప్పు బంగారం" అంటూ పిల్ల ముందు కూర్చుంది. పిల్ల ఒకసారి చెప్పింది, రెండోసారికి చాక్లెట్ అడిగింది, మూడోసారికి మొహం తిప్పుకుంది. ఆ వీడియో చుట్టాలందరికీ వెళ్లింది. కొందరు పూర్వజన్మ అన్నారు, కొందరు ఇంత చిన్నపిల్లకు అంత జ్ఞాపకం ఎక్కడిది, మీరే నేర్పి ఉంటారు అన్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరు టోపీ నీలమో ఆకుపచ్చో నాకు తెలియదు. నేను బయట ఇనుప కుర్చీలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాను. పసిపిల్లలకు పుట్టుక గుర్తుంటుందా ఉండదా అని పెద్ద చదువులు చదివినవాళ్లు వాదించుకుంటారట, వాదించుకోనీ. నేను మాత్రం ఆ పిల్లను నమ్మాను. ఎందుకంటే నేనూ అలాంటి పిల్లనే. నా పసితనపు జ్ఞాపకం ఒకటి అరవై ఏళ్లకు పైగా నాతో ఉంది. ఉంది అని రాస్తున్నాను కానీ, ఇప్పుడు ఉందో పోయిందో కూడా చెప్పలేను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నాచారం. నూలు మిల్లు దగ్గర వరసగా కట్టిన రేకుల ఇళ్లలో ఒకటి. నాయిన మిల్లులో పని చేసేవాడు. మొదటి షిఫ్టయితే చీకటితోనే పోయేవాడు, మూడో షిఫ్టయితే పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. ఆయన పడుకున్నంత సేపూ మేం గుసగుసలతో బతికేవాళ్లం. చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే దాన్నుంచి దూది నుసి రాలేది. ఇంట్లో అధికారమంతా నాయనమ్మది. జనగామ వైపు ఊరి నుంచి కొడుకు వెంట వచ్చిన మనిషి. గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని చుట్ట కాల్చేది. వీధిలో పోయే ప్రతివాళ్లకూ ఒక పేరు పెట్టి ఉంచేది. అక్కడి నుంచే ఉప్పు ఎంత వేయాలో, పిల్లను ఎప్పుడు లేపాలో, ఎవరు ఎవరితో మాట్లాడాలో చెప్పేది. చెప్పడమంటే మామూలుగా కాదు, రెండు వీధులకు వినిపించేలా. నాకు ఆమె అంటే భయం. ఆ భయంలో కొంత ప్రేమ కూడా ఉందని ఆమె పోయిన తర్వాత తెలిసింది.

మా ఇంట్లో వంట పొట్టు పొయ్యి మీద. రేకు డబ్బా నడుమ ఒక సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి, రోకలి బండతో దిమ్మిస కొట్టినట్టు కూరి, మెల్లగా సీసా బయటికి లాగేది చిన్నమ్మ. పొట్టు కదలకుండా సీసా లాగడం అందరికీ వచ్చే పని కాదు. కొంచెం తడబడితే అంతా కూలి పొగ తప్ప మంట రాదు. చిన్నమ్మకు ఒక్కసారి కూడా కూలలేదు. పొద్దున లేస్తే నా ముక్కుకు ముందు తగిలేది ఆ కాలిన చెక్క వాసన, దాని వెనక జొన్నరొట్టె వాసన, ఆ రెండింటి మీదా నాయనమ్మ చుట్ట వాసన. చిన్నమ్మ చేతులకు ఎప్పుడూ ఉల్లిగడ్డ, కిరసనాయిలు, బూడిద కలిసిన వాసన ఉండేది. నేను ఆ చేతులను పెద్దగా ఇష్టపడిన గుర్తు లేదు.

చిన్నమ్మ ఎవరో చెప్పాలి. మా అమ్మకు సొంత చెల్లెలు. అమ్మ నన్ను కనడానికి తల్లిగారింటికి, ఉప్పల్ పోయింది. కని, పురిటి జ్వరం పట్టి, పురిటి స్నానమైనా కాకముందే చచ్చిపోయింది. నేను కొన్నాళ్లు ఉప్పల్‌లో అమ్మమ్మ దగ్గరే పెరిగాను. అమ్మమ్మ వాళ్లు ఎప్పటి నుంచో ఆ ఊరివాళ్లు, మూసీ ఒడ్డున గడ్డి మడులు ఉండేవి. పిల్ల ఆగం కాకూడదని పెద్దలు కూర్చుని మాట్లాడుకుని చిన్నమ్మను నాయినకే ఇచ్చి చేశారు. నేను అప్పుడప్పుడే పాకుతున్నానట. అంటే చిన్నమ్మ పెళ్లికూతురుగా నాచారం వచ్చినప్పుడు చంకలో నేనున్నాను. ఆమెను 'అమ్మా' అనే పిలిచాను, నాయనమ్మ అలాగే పిలవాలంది. మనసులో మాత్రం ఆమె చిన్నమ్మే, అందుకే ఇక్కడా అలాగే రాస్తున్నాను.

ఇంట్లో అమ్మ పేరు ఎత్తేవాళ్లు కాదు. చీరలన్నీ రివాజు ప్రకారం బట్టలుతికే ఆమెకు ఇచ్చేశారు. ఫోటో అంటూ ఒక్కటీ లేదు. నర్సమ్మ అనే పేరు నాకు బడిలో చేరాక, అది కూడా పక్కింటామె నోరు జారితే తెలిసింది. కానీ ఎవరూ చెప్పకపోయినా మా అమ్మ నాకు తెలుసు. ఎలా అంటే, జీతాల రోజున నాయిన ఒకసారి బిస్కెట్ల పొట్లం తెచ్చాడు. కాగితం చింపగానే నేను పొట్లంలో ముక్కు పెట్టి, "అమ్మ!" అన్నాను. నాయిన నవ్వి, "బిస్కెట్ బిడ్డా, అమ్మ గాదు" అన్నాడు. "అమ్మ చేతి వాసన," అన్నాను నేను. "మా అమ్మ చేతికి గిదే వాసనొస్తది. గీ అమ్మ చేతికి రాదు. ఎర్రగుంటది. చెయ్యి లోపలికొస్తది. గాజులు మోగుతయ్. గిట్ల జేస్తది." అని నా చూపుడు వేలితో నుదుటి నడుమ నుంచి ముక్కు కొస దాకా మెల్లగా గీసి చూపించాను. ఆ రోజు నాకెంత వయసో తెలియదు, సహస్ర కంటే ఒక పిసరు పెద్దదాన్నేమో.

ఆ ఎరుపు ఏమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమయింది. చీరతో కట్టిన ఉయ్యాలలో పడుకున్న పసిపిల్లకు ఎండ ఆ గుడ్డలోంచే కనిపిస్తుంది. ఎర్ర చీరయితే లోకమంతా ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు నడుమ చీలికలోంచి ఒక చెయ్యి వచ్చేది, దాని వెంట తియ్యటి వాసన వచ్చేది. మొహం లేదు, మాట లేదు, ఒక సన్నని కూనిరాగం మాత్రం ఉండేది. నాకున్న జ్ఞాపకం ఇంతే. దీన్ని చిన్నప్పుడు ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. బావి దగ్గర చెప్పాను, బడిలో చెప్పాను, గాజులమ్మే ఆమెకు కూడా చెప్పాను.

నాయనమ్మకు గుండె గుభేలుమంది. చచ్చిపోయిన తల్లి పసిపిల్లకు గుర్తుండడమేమిటి, అది గుర్తు కాదు, తల్లి గాలి పిల్ల చుట్టూ తిరుగుతోంది, ఇవాళ వాసన చూపించింది, రేపు రమ్మని పిలుస్తుంది. ఆమె తర్కం అది. పసిపిల్లలు నిద్రలో ఎందుకు నవ్వుతారో ఆమే చెప్పింది నాకు. దేవుడు వచ్చి, "మీ అమ్మ సచ్చిపోయింది" అంటాడట. ఇప్పుడే పాలు తాగాను కదా, అంతా అబద్ధం అని పిల్ల నవ్వుతుందట. "నువ్వు సుత నవ్వినవే. నీకు నిజం చెప్పినా నవ్వినవ్" అనేది. అందుకని నాకు మరపు తెప్పించే పని పెట్టుకుంది. అమావాస్యకు ఎర్రటి అన్నం ముద్ద నా చుట్టూ తిప్పి మూడు దారుల దగ్గర వేయించేది. "మర్లి సూడకు, సూస్తే నీ వెంటనే వస్తది" అని నా మెడ వెనక అరచెయ్యి అదిమి పట్టి నడిపించేది. దర్గా దగ్గర ముసలాయనతో నీళ్లలో ఊదించి తాగించింది, నడుముకు తాయెత్తు కట్టించింది. అన్నింటికంటే బాగా పనిచేసింది బెల్లం ముక్క. నేను బిస్కెట్ అనబోతే చాలు, నోట్లో బెల్లం కుక్కి, "మీ అమ్మ గీమెనే. ఇంకెవ్వలు లేరు. అను" అనేది. నేను బెల్లం చప్పరిస్తూ అనేదాన్ని.

చిన్నమ్మ ఇదంతా చూస్తూ పొయ్యి దగ్గర కూర్చుని ఉండేది. ఒక్కనాడూ నా వైపు గానీ నాయనమ్మ వైపు గానీ మాట్లాడలేదు. సవతితల్లి కదా, ఏం మాట్లాడుతుంది అనుకున్నాను పెద్దయ్యాక. నాయనమ్మ మందులు నా నోరు మూయించాయి గానీ లోపల ఉన్నదాన్ని తుడవలేదు. నోటితో చెప్పడం మానేశాక అది ఇంకా నాదైపోయింది. బడిలో దెబ్బలు తిన్నప్పుడు, మొదటిసారి మైల పడ్డప్పుడు, పెళ్లై మల్కాజిగిరి వచ్చిన కొత్తలో, నా మనిషి పోయినప్పుడు, కళ్లు మూసుకుంటే ఆ ఎర్రటి వెలుతురు వచ్చేది. తల్లి లేని పిల్ల అని జనం జాలిపడితే లోలోపల నవ్వుకునేదాన్ని. నాకు తల్లి ఉంది, మీకు కనపడదు. నేను రాసిన మొదటి కథ ఆ చెయ్యి మీదే. ఆ తర్వాత రాసినవాటిలో కూడా తల్లులందరి చేతులకూ ఏదో ఒక తీపి వాసన తగిలించాను. తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు, ఆ మొదటి కథను ఆమెకు చదివి వినిపించాడట. ఆమెకు చదువు రాదు. తర్వాత కలిసినప్పుడు, "మంచిగ రాసినవ్ బిడ్డా. ఇనుకుంట ఏడ్సిన" అంది. అక్క గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు ఆ రేకుల ఇళ్లు లేవు. మిల్లు ఎప్పుడో మూతపడి, ఆ జాగాలో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. అమ్మమ్మ వాళ్ల గడ్డి మడులు ఎక్కడుండేవో చూపించమంటే నేను చూపించలేను. ఇప్పటి పిల్లలకు తాయెత్తు కట్టేవాళ్లు లేరు, నోట్లో బెల్లం కుక్కేవాళ్లు లేరు. చెప్పు చెప్పు అని ఫోను ముందు పెడతారు. అయినా జరిగేది ఒకటే అని సహస్రను చూశాక అర్థమయింది. మొన్న నాలుగు దాటాక, "కడుపుల సప్పుడు ఎట్లుండెనే?" అని అడిగితే నా మొహం వైపు వింతగా చూసి, "ఏం సప్పుడు?" అంది. వీడియో పెట్టి చూపిస్తే, "గీ పాప ఏం చెప్తుంది అమ్మమ్మా?" అంది. ఆ వీడియోలో ఉన్నది తనే అని చెప్పినా దానికి పట్టలేదు. బొమ్మల సినిమా పెట్టమంది. మా కాలంలో మొరటుగా తుడిచారు, ఈ కాలంలో ముద్దు చేస్తూ భద్రపరిచారు, రెండు కాలాల్లోనూ పిల్లల దగ్గర ఏమీ మిగలలేదు. నాకు మాత్రం మిగిలింది కదా అని అప్పట్లో కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం పోయింది ఉప్పల్‌లో, తమ్ముడి ఫ్లాటులో. చిన్నమ్మకు మూత్రపిండాలు పాడయ్యాయి. దవాఖానాలో డాక్టర్లు, ఈ వయసులో ఇంక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండి అని పంపించేశారు. కిటికీ పక్కన మంచం వేశారు. అక్కడి నుంచి మెట్రో రైలు పోవడం కనిపిస్తుంది. ఆమె ప్రతి రైలునూ తల తిప్పి చూసేది. నేను సహస్రను వెంటబెట్టుకుని వెళ్లాను. అది ముందే మర్చిపోయింది గనక, దాని పుట్టుక ముచ్చట నేనే చెప్పాను. చిన్నమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "పోరగాండ్లకు అన్ని యాదుంటయ్. మనమే మరిపిస్తం" అంది. తమ్ముడి భార్య క్రీము బిస్కెట్ల పొట్లం తెచ్చి సహస్రకు ఇచ్చింది. పిల్ల మంచం మీద కూర్చుని చింపింది. చిన్నమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

"గీ వాసన నా పాణం తీసేది బిడ్డా. బూడిద పెట్టి తోమినా, చింతపండు పెట్టి తోమినా చేతులకెల్లి పోకపోయేది."

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"పెండ్లికి ముందు. నాచారంల రేకుల షెడ్డు ఉండె. బిస్కెట్లు కాయితంల సుట్టెటోళ్లం, నేను, మా ఉప్పల్ పోరిలు. నడుసుకుంటనే పోయెటోళ్లం, నడుసుకుంటనే వచ్చెటోళ్లం. రాంగనే ఉయ్యాలల చెయ్యి పెట్టి నిన్ను సూసుడే. నా చెయ్యి వాసన సూస్తే సాలు, ఏడుపు బంద్ జేసేదానివి. మా అవ్వ, గదే మీ అమ్మమ్మ, మొత్తుకునేది, చేతులన్న కడుక్కోని పట్టుకోవే అని..."

అంతవరకు వచ్చి ఆగిపోయింది. ఏం చెప్పేసిందో అప్పుడు తెలిసింది ఆమెకు. సహస్ర బిస్కెట్ మధ్యలో క్రీము నాకుతోంది. నేను అడిగాను, "మరి మా అమ్మ? మా అమ్మ నన్ను ఎత్తుకోలేదా?"

"అక్కకు సోయి ఏడున్నదే" అంది చాలా మెల్లగా. "కన్నంక కండ్లు తెర్వనే లేదు. జరం సోకుతదని నిన్ను పక్కన పండవెట్టనియ్యలే. ఒక్కపారి కూడ."

"నేను అన్నిసార్లు చెప్తుంటే, నాయనమ్మ నా నోట్ల బెల్లం కుక్కుతుంటే, అది నేనే అని ఎందుకనలేదు నువ్వు?"

"ఎట్లంటనే? కంపెనీకి పోయిన పిల్ల నా ఇంటికొద్దన్నది మీ నాయనమ్మ. పెండ్లి గాని పిల్లను కూలికి తోలిన్రా అని నలుగుట్ల ఇజ్జత్ పోతదని మా అవ్వ, పిల్ల ఇంట్లకెల్లి కాలు బయట పెట్టలేదని చెప్పింది. మీ నాయినకు ఎర్కనే. నోరిప్పకు, అమ్మకు తెల్తే నిన్ను ఉంచదు, పిల్ల ఆగమైతది అన్నడు. గందుకే పెండ్లి ఖాయమైన దినం నుంచి షెడ్డుకు పోలే. చేతుల వాసన పోయింది. నువ్వు నన్ను గుర్తు పట్టకపోతివి."

నాయనమ్మ పోయి ఎన్నేళ్లయిందో, అప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నాను. ఆమె కిటికీ వైపు చూసింది. "గప్పటికి నువ్వు కత రాస్తివి. మీ తమ్ముడు సదివిండు. నీకు మీ అమ్మది గదొక్కటే ఉండె. అది నాది అని ఎట్ల గుంజుకుంట బిడ్డా?"

నాకేమనిపించిందో దాచుకోకుండా రాస్తాను. ఆమె మీద ప్రేమ పొంగలేదు. ముందు కోపం వచ్చింది. అరవై ఏళ్లకు పైగా బతికి ఉన్న మా అమ్మ ఆ గదిలో, ఆ మధ్యాహ్నం చచ్చిపోయింది. మొదటిసారి చచ్చిపోయినప్పుడు నేను పసిపిల్లను, నిద్రలో నవ్వాను. ఈసారి అన్నీ తెలిసి కూర్చుని ఉన్నాను. కళ్లు మూసుకుని ఆ ఎర్రటి వెలుతురును పిలిచాను. వచ్చింది. కానీ అందులోకి వచ్చిన చెయ్యి నాకు చచ్చిపోయిన మా అమ్మదిగా తోచలేదు, మంచం మీద సూదుల మచ్చలతో నల్లబడి పడి ఉన్న చెయ్యే వచ్చింది. నేను దూరంగా ఉంచిన ఉల్లిగడ్డ వాసన చేతులూ, నేను జీవితమంతా దేవులాడిన చేతులూ ఒక్కటే. మా అమ్మది అనుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఆమె ఎంత పొడుగో తెలియదు, నల్లగా ఉండేదో ఎర్రగా ఉండేదో తెలియదు.

నా మొహం ఎలా అయిందో గానీ చిన్నమ్మ బెదిరిపోయింది. లేవలేని మనిషి మోచేతి మీద లేవబోయింది. "ముసల్దాన్ని, ఏందో వాగిన. నా మాటలు పట్టుకోకు. మందులకు తల తిరుగుతుంది. షెడ్డుకు పోయింది అక్కనే, నేను గాదు. అక్క చెయ్యే అది" అంది. పెళ్లై నాచారంలో కాపురం చేస్తూ, నిండు గర్భంతో పుట్టింటికి వచ్చిన అక్క ఉప్పల్ నుంచి నడిచి షెడ్డుకు ఎలా పోతుంది? అడగలేదు. సహస్ర చేతులు తుడిచి, చెప్పులు వేయించి తీసుకొచ్చేశాను. మెట్రోలో పిల్ల కిటికీకి అతుక్కుని కబుర్లు చెబుతూనే ఉంది. నేను ఊకొట్టాను.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా వెళ్లాను. వెళ్లినప్పుడల్లా చిన్నమ్మ మా అమ్మ గురించి ఒక కొత్త ముచ్చట తయారుగా పెట్టుకుని ఉండేది. అరవై ఏళ్లు ఆ పేరెత్తని మనిషి ఆగకుండా చెప్పేది. అమ్మ నన్ను ఎత్తుకుని మూసీ ఒడ్డుకు గడ్డి చూపించడానికి తీసుకుపోయిందట. నాకు మొదటి పన్ను వస్తే అందరికీ బెల్లం పంచిందట. నేను పాకుతూ గడప దాటితే కొబ్బరికాయ కొట్టిందట. పురిటి మంచం దిగని మనిషి ఇన్ని పనులు చేసింది. చిన్నమ్మకు అబద్ధమాడడం అలవాటు లేదు, అందుకని ఒకదానికొకటి పొంతన లేకుండా ఆడేది. ఆ పనులన్నీ ఎవరు చేసి ఉంటారో నాకు తెలుస్తూనే ఉంది. ఆమె ఒక్కొక్కటిగా తన జీవితంలోంచి తీసి అక్క పేరున రాసిస్తోంది. కాదు నువ్వే అని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? బిడ్డ దగ్గర తల్లిని గుంజుకున్నాననే బాధతో పోతుంది. చెప్పకపోతే, ఆ బిడ్డ తనను గుర్తు పట్టిందన్న సంగతి తెలియకుండా పోతుంది. ఏది చేసినా ఒకటి పోయేదే. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆమె లేదు. ఆఖరి వారం మాట తగ్గిపోయింది. అది తగ్గకముందు ఒక సాయంత్రం నేను ఒక్కదాన్నే ఉన్నాను. తమ్ముడు ఇంకా ఘట్‌కేసర్ నుంచి డ్యూటీ దిగి రాలేదు. చిన్నమ్మ, "నీకు యాదికొచ్చిందా?" అంది.

"వచ్చిందమ్మా."

"అది అక్కనే గదా?"

"మా అమ్మనే."

అప్పుడు ఆమె, నేను ఎప్పుడూ ఊహించని మాట అడిగింది. "ఎట్లుండెనే మా అక్క? నాకు మొకం యాదికొస్తలేదు. ఎంత సోంచాయించినా వస్తలేదు. నీకు యాదున్నది గదా, జర చెప్పు."

మా అమ్మను చూసిన మనుషుల్లో ఇంక మిగిలింది ఈ ఒక్కతే, ఆమెకూ గుర్తు లేదు. ఆమెను ఎన్నడూ చూడని నన్ను అడుగుతోంది. నాకు తెలిసిన తల్లి ఒక్కతే ఉంది. ఆమెనే చెప్పుకుంటూ పోయాను.

"బక్కగుండె. నడుస్తే సప్పుడు రాకపోయేది. పాడేది గానీ మాటలు లేకుండ పాడేది. రొట్టె చేస్తే నడుమ మెత్తటిది నాకు పెట్టి, మాడిన అంచులు తను తినేది. నాకు అమ్మవారు పోసినప్పుడు వేపరొట్ట పట్టుకోని కూసున్న చోటనే కూసున్నది, ఎవలు తిట్టినా లేవలే. ఎవ్వలను ఒక్క మాట అనకపోయేది. తనకు ఏం గావాల్నో ఎన్నడు అడగకపోయేది."

కళ్లు మూసుకుని విన్నది. చెప్పడం ఆపితే, ఇంకా అన్నట్టు వేళ్లు కదిలించింది. ఇంకా చెప్పాను. అంతా విన్నాక, "అవు బిడ్డా, మా అక్క అచ్చం గట్లనే ఉండె" అని, ఇన్నేళ్లకు తన అక్క కోసం ఏడ్చింది.